నొగ మీద బరువు

మట్టి ట్రాక్ మీద కారు రేసులాడే మనిషి బట్టలు ఉతకడం పెద్ద తతంగం. ముందు వాటిని పెరట్లో తీగ మీద వేలాడదీసి, పైపుతో నీళ్లు కొట్టి, నల్లమట్టి గడ్డలన్నీ రాలగొట్టాలి. తర్వాత స్నానాల తొట్టిలో నానబెట్టాలి. ఆ తొట్టిని మళ్లీ తోముకోవాలి. అప్పుడుగానీ మిషన్లో వెయ్యడానికి లేదు. వేస్తే మిషన్ మూలన పడుతుంది. ఒకసారి పడింది కూడా. "చూసుకుని వెయ్యాలి కదే!" అన్నాడు అప్పుడు మొగుడు లైల్, సోఫాలో కాళ్లు చాపుకుని. ఆ మట్టి ఎవరు పూసుకొచ్చారో ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదు.

ఏళ్ల తరబడి ఆర్లిస్ ఈ పని సోమవారం సాయంత్రాలు, స్కూలు పిల్లల్ని ఇళ్ల దగ్గర దింపి వచ్చాక చేస్తోంది. ఈ వారం మాత్రం మంగళవారం పొద్దున్నే మొదలుపెట్టింది. ఏడూ ఇరవైకి ఇంట్లో ఉండి ఇంకేం చెయ్యాలో ఆమెకు తోచలేదు మరి. చేతిలో పైపు ఉండగానే వీధి చివర బస్సు చప్పుడు వినిపించింది. పద్నాలుగో నంబరు బస్సు. ఇరవై రెండేళ్లు తను నడిపిన బస్సు. మలుపు దగ్గర ఎవరో బ్రేకు గట్టిగా తొక్కారు. వెనక సీట్లలో చిన్నపిల్లలు ఉలిక్కిపడి ఉంటారు, ఆ మూడో సీటు పిల్లాడి పాల డబ్బా దొర్లిపోయి ఉంటుంది అనుకుంది. బస్సు వెళ్లిపోయింది. లైల్ రేసు బట్టల్లోంచి నల్లటి నీళ్లు కారుతూ ఆమె చెప్పుల్ని తడిపేశాయి. చాలాసేపటిదాకా ఆ సంగతే ఆమె గమనించుకోలేదు.

నిన్న మధ్యాహ్నం కోల్బీ ఫోన్ చేశాడు. స్కూలు బస్సులన్నీ చూసుకునేది అతనే. ఇరవై ఎనిమిదేళ్లవాడు. ఒకటో తరగతిలో ఉన్నప్పుడు బస్సులో వాంతి చేసుకుంటే మూతి తుడిచి, తన కోటు కప్పి ఇంటికి చేర్చింది ఆర్లిసే. ఆ కోల్బీయే నిన్న, "ఆర్లిస్ గారూ, ఒక్క వారం విశ్రాంతి తీసుకోండి" అన్నాడు, గొంతు సవరించుకుంటూ. "ఏం లేదండీ, ఊళ్లో నిన్నటి సంగతి తెగ చెప్పుకుంటున్నారు. ఒకరిద్దరు తల్లులు ఫోన్ కూడా చేశారు. పిల్లల విషయం కదా, స్కూలు బోర్డుకి నేను ఏదో ఒకటి చెప్పాలి."

"ఏ సంగతి కోల్బీ?" అంది.

"అదేనండీ... హైవే మీద మీకు చేతులు ఆడలేదటగా. లైల్ గారు అరవబట్టి సరిపోయిందని..."

ఆర్లిస్‌కు తల కొట్టేసినట్టయింది. సరేనని ఫోన్ పెట్టేసింది. ఏమని వాదిస్తుంది? మాట ఎక్కడ పుట్టిందో ఆమెకు తెలుసు. ఊరి నడిమధ్య కాఫీ హోటల్లో పొద్దున్నే ఎనిమిది మంది మగాళ్లు చేరతారు. తోలు డబ్బాలో పాచికలు గిలకొట్టి బల్ల మీద బోర్లిస్తారు, ఓడినవాడు అందరికీ కాఫీ తాగించాలి. ఈ ఆట సాగుతుండగా ఊళ్లో జరిగినవి, జరగనివి అన్నీ అక్కడ తేలిపోతాయి. నిన్న పొద్దున అక్కడ లైల్ నోరు విప్పాడు. ఎలా చెప్పి ఉంటాడో ఆమె కళ్లకు కడుతూనే ఉంది. టోపీ వెనక్కి నెట్టి, ఒక కాలు కుర్చీ మీద పెట్టి, "మా ఆవిడ పుణ్యమా అని ఈపాటికి మీరంతా నా శవం దగ్గర కూర్చుని కాఫీ తాగేవాళ్లు రా!" అని ఉంటాడు. అందరూ విరగబడి నవ్వి ఉంటారు. కోల్బీ కూడా నవ్వి ఉంటాడు, కానీ కాఫీ మధ్యలోనే నవ్వు ఆపేసి ఉంటాడు.

ఆదివారం జరిగింది వేరు.

డెబ్బై మైళ్ల అవతల రేసు. ఎప్పటిలాగే ఆర్లిస్ నాలుగింటికే లేచి పదిమందికి సరిపడా రొట్టె ముక్కల్లో మాంసం పెట్టి చుట్టింది, బంగాళాదుంపల సలాడ్ కలిపింది, పెట్రోలు డబ్బాలు నింపింది, తుడుచుకునే గుడ్డలు మడిచింది. ట్రక్కు ఆమెదే. వెనక ట్రైలర్ మీద రేసు కారు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ నడిపేది ఆమే, ఎందుకంటే రేసుకు ముందు లైల్‌కు నడుం పట్టకూడదు, రేసు తర్వాత లైల్ అలిసిపోతాడు. "వాడికి వారానికి ఆ ఒక్క రోజే కదమ్మాయ్ సంతోషం" అంటుంది అత్తగారు వెల్మా. ఆ సంతోషానికి కావలసిన సరంజామా అంతా ఇరవై ఆరేళ్లుగా కోడలు మోస్తోంది, దాన్ని ఎవరూ పని అనరు. ట్రాక్ దగ్గర ట్రైలర్‌ను వెనక్కి పెట్టబోతే చాలు, ఎక్కడెక్కడి మగాళ్లో వచ్చి చేతులూపుతారు. "ఎడమకి! ఎడమకి! అయ్యో, నీ ఎడమ కాదమ్మా!" రోజుకు రెండుసార్లు నలభై అడుగుల బస్సును మట్టిరోడ్డు మలుపుల్లో వెనక్కి తిప్పే మనిషి ఆమె. ఒక్కసారీ మాటకు మాట అనలేదు. అనుంటే రేసంతా అదే కబురయ్యేది.

ఆ ఆదివారం లైల్ మూడో చుట్టులోనే గోడకు గుద్దుకున్నాడు. ముందు చక్రం విరిగి పక్కకు పడుకుంది. లాగుడు బండివాడు కారును ముక్కు వైపు నుంచి ఎత్తి తెచ్చి, అలాగే ట్రైలర్ మీదకు తోసేశాడు. అంటే కారు ముందూవెనకా మారి ఎక్కింది, తోక ముందుకు, ముక్కు వెనక్కి. ఇంజను ఉండేది ముక్కులోనే కదా, ఆ బరువంతా ట్రైలర్ చివరకు పోయింది. పైగా ట్రైలర్ ముందున్న టైర్ల పెట్టె అడ్డొచ్చి కారు పూర్తిగా ముందుకు రాలేదు. దించి, తిప్పి ఎక్కిద్దామంటే విరిగిన చక్రం. లైల్ ముఖం కందగడ్డలా ఉంది. మిగిలిన టైర్లనీ పనిముట్ల పెట్టెనీ కూడా విసురుగా వెనకే పడేశాడు.

ట్రైలర్‌కు ముందు పొడుచుకొచ్చిన ఇనప నొగ ఉంటుంది. దాన్ని ట్రక్కు వెనకున్న ఇనప గుండుకు తగిలిస్తారు. మొత్తం బరువులో పదో వంతన్నా ఆ నొగ మీద పడాలి. పడితేనే ట్రైలర్ బుద్ధిగా వెంట వస్తుంది. బరువు వెనక్కి పోతే నొగ తేలిపోతుంది, ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది, వేగం పెరిగేకొద్దీ ఆ ఊపు ట్రక్కును కూడా ఈడ్చేస్తుంది. ఆర్లిస్ ట్రక్కు చుట్టూ తిరిగి వచ్చింది. ఎప్పుడూ రేసు కారు ఎక్కాక ట్రక్కు వెనక భాగం నాలుగు వేళ్లు కుంగేది. ఆ రోజు కుంగలేదు.

"లైల్, వెనక బరువెక్కువైంది. టైర్లన్నా ముందుకు జరుపుదాం" అంది.

"ఎక్కవే తల్లీ, ఎక్కు! నా బుర్ర తినకు. నలభై ఏళ్లుగా లాగుతున్నా, నాకు నేర్పుతావా?"

చుట్టూ అతని స్నేహితులున్నారు. ఆర్లిస్ ఎక్కింది.

నది వంతెనకు ముందు రోడ్డు దిగువకు పోతుంది. అక్కడ మొక్కజొన్న లోడుతో పోతున్న పెద్ద లారీ ఒకటి వాళ్లను దాటింది. ఆ గాలికి ట్రైలర్ ఒకసారి ఊగింది. రెండోసారి ఇంకా పెద్దగా ఊగింది. మూడోసారికి ట్రక్కు వెనక చక్రాలు పక్కకు జారుతున్నాయని ఆమె నడుముకు తెలిసింది. అద్దంలో ఒకసారి రేసు కారు కనబడుతుంది, మరోసారి కనబడదు. "తొక్కు! బ్రేకు తొక్కవే! చంపేస్తావా!" అని లైల్ గావుకేకలు పెట్టాడు. తొక్కి ఉంటే ఇద్దరూ నదిలో ఉండేవాళ్లు. ఆమె తొక్కలేదు. యాక్సిలరేటర్ మీద కాలు తీసేసింది, స్టీరింగును ఎటూ తిప్పకుండా బిగపట్టింది, కుడిచేత్తో డాష్‌బోర్డు కింది చిన్న మీట నొక్కింది. అది ఒక్క ట్రైలర్ చక్రాలకే బ్రేకు వేస్తుంది. ట్రైలర్ వెనక్కి లాగి, బిగుసుకుని, మెల్లగా దారికొచ్చింది. వంతెన దాటాక పక్కకు ఆపింది. అక్కడి నుంచి నెమ్మదిగా నడిపింది. ఇల్లు చేరేదాకా లైల్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అతనికి భయం వేసింది కాబోలు, పోనీలే పాపం అనుకుంది పిచ్చిది. అతను ఆ నలభై మైళ్లూ కాఫీ హోటల్లో ఏం చెప్పాలో అల్లుకుంటున్నాడని ఆమెకేం తెలుసు!

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి ఒమాహా నగరం నుంచి కూతురు కెండ్రా ఫోన్ చేసింది. ఆ గొంతు వినగానే ఆర్లిస్‌కు ఏడుపొచ్చింది. చెప్పేద్దాం అనుకుంది. అంతలోనే కెండ్రా, "నాన్న చెప్పాడమ్మా. నీకు యాభై నాలుగొచ్చాయి, కళ్లు ఒకసారి చూపించుకోరాదూ?" అంది.

"నా కళ్లు బానే ఉన్నాయే."

"కోపమెందుకమ్మా? నీ మంచికేగా చెప్తున్నా. నాన్న ఎంత హడలిపోయాడో తెలుసా?"

"నేను కూడా హడలిపోయాను కెండ్రా."

"అదే కదా అంటున్నా, అందుకే చూపించుకోమని."

ఫోన్ పెట్టేశాక ఇల్లంతా నిశ్శబ్దం. లైల్ కాఫీ హోటల్లో ఉన్నాడు. వీధిలో ఎవరూ లేరు. ఆర్లిస్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని తన రెండు చేతులూ చూసుకుంది. అందరూ ఒకే మాట అంటుంటే ఏ మనిషికైనా లోపల ఒక పురుగు దొలుస్తుంది. నిజంగానే నా చేతులు ఆడలేదేమో? లారీ దాటినప్పుడు నేనే స్టీరింగు తిప్పానేమో? ట్రక్కు కుంగలేదని నేననుకోవడమే తప్పేమో? అలా అనుకుంటుంటే ఆమెకు తన మీద తనకే జాలేసింది. ఇరవై ఆరేళ్ల సంసారంలో, ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో, ఆ రోజు ఏం జరిగిందని ఆమెను అడిగిన మనిషి ఒక్కరూ లేరు. కోల్బీ అడగలేదు. కన్నకూతురు అడగలేదు. అందరూ ఆమెకు చెప్పారు, అంతే.

సరే, ఎవరూ అడక్కపోతే నేనే అడుగుతాను అనుకుని లేచింది.

స్నానాల గదిలోంచి బరువు చూసుకునే మిషన్ తీసుకుంది. ఆ మిషన్‌తో ఆమెకు పడదు. దాని మీద ఎక్కిన ప్రతిసారీ లైల్ తలుపు దగ్గర నిలబడి, "మెల్లగా, మెల్లగా! ఇనుమైతే మాత్రం దానికీ ప్రాణముంటుంది" అంటాడు. పండగ భోజనం దగ్గర వెల్మా ఒకసారి పదిమందిలో, "మావాడు పెళ్లాడింది ఒక్కర్ని, ఇప్పుడు సాకుతున్నది ఒకరున్నర" అంది. అందరూ నవ్వారు. ఆర్లిస్ కూడా నవ్వి, లేచి గిన్నెలు తీసింది. గిన్నెలు తీసేటప్పుడు మనం ఎటు తిరిగున్నామో ఎవరూ చూడరు. ఆ సౌకర్యం ఒకటి ఉంది ఆడవాళ్లకి.

కారు ఆదివారం ఎలా వచ్చిందో అలాగే ఉంది ట్రైలర్ మీద. చక్రం సామాన్లు వచ్చేదాకా దించనన్నాడు లైల్. టైర్లు, పనిముట్ల పెట్టె కూడా ఎక్కడివక్కడే. ఆర్లిస్ ట్రైలర్ చక్రాలకు అటూ ఇటూ దిమ్మెలు అడ్డం పెట్టింది. నొగ కిందున్న జాకీలాంటి మరతిప్పుడు కాలును దించి, ట్రక్కు గుండు మీద నుంచి నొగ లేపింది. ట్రక్కును ముందుకు జరిపింది. తర్వాత ఒక మందపాటి పలక తెచ్చి, ఒక కొస ఇటుకల మీద, రెండో కొస బరువు మిషన్ మీద ఉండేలా పరిచింది. నొగ కాలు ఇటుకలకు ఒక అడుగు దూరంలో, మిషన్‌కు రెండడుగుల దూరంలో ఆనేలా సర్దింది. అలా పెడితే నొగ బరువులో మూడో వంతే మిషన్ మీద పడుతుంది, చిన్న మిషన్ పగలదు. బస్సు లైసెన్సు తరగతుల్లో ముప్పై మంది మగాళ్ల మధ్య ఒక్కతే కూర్చుని నేర్చుకున్న లెక్క ఇది. బరువు సరిగ్గా ఉంటే ముల్లు నూట అరవై పౌండ్లు దాటాలి.

నేల మీద బోర్లా పడుకుని చూసింది. నలభై.

లేచి, పలకను మళ్లీ సర్దింది. మళ్లీ పడుకుంది. నలభయ్యే. మూడింతలు చేస్తే నూట ఇరవై పౌండ్లు. ఐదువేల పౌండ్ల బండికి ఐదువందలు ఉండాల్సిన చోట నూట ఇరవై! అంత తేలిక నొగతో హైవే మీదకు ఎవడూ పోడు. పోయినా ఇంటికి రాడు. ఆర్లిస్ సిమెంటు నేల మీద అలాగే పడుకుని ఉంది. చల్లగా ఉంది నేల. పిచ్చిదానిలా నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. నా చేతులు ఆడాయి అనుకుంది. ఆడాయి. ఆ మాట ఎవరితోనన్నా అనాలనిపించింది. ఎవరూ లేరు.

పన్నెండింటికి లైల్ భోజనానికి వచ్చాడు. పలకనూ మిషన్‌నూ చూసి గ్యారేజీ గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏంటీ వేషం?"

"వంగి చూడు."

వంగలేదు. నిలబడే చూశాడు. ముల్లు కనపడింది. టోపీ తీసి తల గోక్కున్నాడు. ఇప్పుడు కేకలేస్తాడు, మిషన్ తప్పంటాడు, పలక తప్పంటాడు అని ఆర్లిస్ సిద్ధంగా ఉంది. ఒక్కో మాటకూ జవాబు పేర్చుకుని ఉంది.

"తెలుసులే" అన్నాడు లైల్.

"ఏంటి తెలుసు?"

"నొగ తగిలించేటప్పుడే తెలిసింది. ఒంటిచేత్తో లేచింది. మామూలుగా ఇద్దరం పట్టినా లేవదు కదా."

"తెలిసి... తెలిసీ నాకు తాళం ఇచ్చావా?"

"ఏం చెయ్యమంటావ్? అందరూ చూస్తున్నారు. అంతా దించి మళ్లీ ఎక్కించాలా?" అని, ఇంకా ఆమె తననే చూస్తోందని, కొంచెం గొంతు తగ్గించాడు. "ఎలాగో లాక్కొస్తావని తెలుసే నాకు. నీకంటే బాగా నడిపేవాళ్లు ఈ జిల్లాలో ఎవరున్నారు? వేరేవాళ్లయితే నేనే ఎక్కేవాణ్ని కాదు."

ఇరవై ఆరేళ్లుగా ఆమె ఆ మాట కోసం చెవులు రిక్కించుకుని ఉంది. ఇన్నాళ్లకు వచ్చింది, పెట్రోలు వాసన కొట్టే గ్యారేజీలో, వినేవాళ్లు లేని చోట. అతనికి మొదటినుంచీ తెలుసు. ఆమె చేతుల మీద తన ప్రాణం పెట్టి నిశ్చింతగా పక్కన కూర్చునేంత బాగా తెలుసు. తెలిసే హోటల్లో ఆ కథ చెప్పాడు. అతనికి తన విలువ తెలియదని ఇన్నేళ్లూ ఆమె సర్దిచెప్పుకుంటూ వచ్చింది. తెలియని మనిషితో కాపురం చెయ్యొచ్చు. ఇప్పుడేం చెయ్యాలి?

"ఈ మాట కోల్బీతో చెప్పు లైల్" అంది, ఫోన్ తీసి అతని ముందు పెట్టి. "ఇదే మాట. ఇంకేం వద్దు."

"నీకేమన్నా పిచ్చా? నొగ బరువు చూసుకోకుండా లోడెత్తానని ఊరంతా తెలిస్తే ఇంకా నేను ఆ హోటల్లో అడుగు పెట్టేదెలా?"

"నా ఉద్యోగం పోతోంది."

"ఎక్కడికి పోతుందే? వారం రోజులు కూర్చోమన్నాడు, కూర్చో. అంతా మర్చిపోతారు." ఫోన్ పక్కకు నెట్టాడు. "అన్నట్టు వచ్చే ఆదివారం ఆఖరి రేసు. శనివారానికి బట్టలు ఆరతాయా?"

ఆర్లిస్ కోటు తొడుక్కుని ట్రక్కు ఎక్కింది. "భోజనం?" అని అతను వెనకనుంచి అరిచాడు.

ట్రక్కు తేలిగ్గా పోతోంది. కోతలైపోయిన పొలాల మీద గాలి విసురుగా కొడుతోంది. దారంతా ఆమె లైల్‌ను తిట్టుకుంటూనే పోయింది, చాలా ఘాటుగానే తిట్టుకుంది. కానీ ఊరి చివర బస్సుల షెడ్డు కనబడేసరికి ఆ తిట్లన్నీ ఎటో పోయి, ఒక్క సంగతి మాత్రం గొంతులో ముల్లులా మిగిలింది. రోజూ తెల్లవారకముందే టార్చి పట్టుకుని తను బస్సు చుట్టూ తిరుగుతుంది. టైర్లు తట్టి చూస్తుంది, లైట్లు వెలిగించి చూస్తుంది, వెనక తలుపు తీసి వేసి చూస్తుంది. ఒక్కటి తేడా ఉన్నా బస్సు కదలదు. ఒక చలికాలం స్కూలు పెద్దాయనే వచ్చి ఆలస్యమవుతోందని గదమాయించినా కదల్లేదు. మరి ఆదివారం? ట్రక్కు కుంగలేదని కళ్లారా చూసింది. చూసి, తాళం తిప్పింది.

కోల్బీ ఆమెను చూసి కంగారుగా లేచి నిలబడ్డాడు. "రండి రండి, కూర్చోండి ఆర్లిస్ గారూ. కాఫీ తాగుతారా?"

"వద్దు." ఆమె కూర్చోలేదు. "ఆదివారం ఏం జరిగిందో నువ్వు నన్ను అడగలేదు కోల్బీ."

కుర్రాడి ముఖం ఎర్రబడింది. "అంటే... లైల్ గారు చెప్పారు కదా అని..."

"ఇప్పుడు అడుగు."

అతను మింగుడుపడనట్టు ఒకసారి కిటికీ వైపు చూసి, "ఏం జరిగిందండీ?" అన్నాడు, చిన్నపిల్లాడి గొంతుతో.

ఆర్లిస్ చెప్పింది. కారు ముందూవెనకా మారి ఎక్కడం, నొగ తేలిపోవడం, లారీ గాలి, బ్రేకు తొక్కమని కేకలు, తను తొక్కకపోవడం. నూట ఇరవై పౌండ్లని చెప్పింది. కోల్బీకి బండ్ల సంగతి తెలుసు. ఆ అంకె వినగానే నోరు తెరిచాడు.

"అమ్మో! అయితే తప్పంతా లైల్ గారిదే కదండీ! నేను బోర్డుకి ఇవాళే..."

"అంతా కాదు. బోర్డుకి రాసేటప్పుడు నా తప్పు కూడా రాయి. లోడు బాలేదని నాకు తెలుసు. బస్సయితే నువ్వు చెప్పినా, గవర్నరు చెప్పినా కదిలించేదాన్ని కాదు. అక్కడ మొగుడు కసిరాడని, పదిమంది చూస్తున్నారని, నోరుమూసుకుని ఎక్కాను. డ్రైవరు చెయ్యకూడని పని అదొక్కటే."

కోల్బీ చేతిలో పెన్ను పట్టుకుని ఆమె వైపే చూస్తూ నిలబడ్డాడు. "మరి... మళ్లీ ఎప్పుడన్నా అలా..." అని నసిగాడు.

"రేపు బస్సు ఇస్తావో ఇవ్వవో అది నీ ఇష్టం" అంది ఆర్లిస్, కోటు గుండీ పెట్టుకుంటూ. "ట్రైలర్‌ను మాత్రం విప్పేసి వచ్చాను. ఇక అతను ఎక్కడికి పోవాలన్నా, అతని బండి అతనే లాక్కుని పోవాలి."